మెసేజ్ సైజు పరిమితులు: వెబ్ సర్వీసులు రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మాదొక చిన్న టీమ్. ఏనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకు బిల్లింగ్, తక్‌పట్టీల (రైతు సరుకు తూకం, ధర, చార్జీలు రాసిచ్చే కాగితాల) సాఫ్ట్‌వేర్ రాస్తాం. మిర్చి సీజన్ మొదలైందంటే మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు, ప్రాజెక్టు పని మీద వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు ఒకటే అడుగుతారు: "చిన్న మెసేజ్ పోతోంది, పెద్దది పోవట్లేదు, ఎందుకు?" ప్రతిసారీ నోటితో చెప్పే జవాబులనే ఇక్కడ రాసి పెట్టాను. మేము ఎక్కువగా వాడేది డబ్ల్యూసీఎఫ్ (వెబ్ సర్వీసులు రాయడానికి మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్) కాబట్టి వివరం దాని మీదే ఎక్కువ ఉంటుంది. వేరే ఫ్రేమ్‌వర్క్‌లు వాడేవాళ్ల కోసం కూడా కొంత రాశాను.

అసలు ఈ పరిమితి ఎందుకు? తీసేస్తే సరిపోదా?

వచ్చే మెసేజ్ ఎంత పెద్దదో సర్వర్‌కు ముందే కచ్చితంగా తెలియదు. కంటెంట్-లెంగ్త్ హెడ్డర్ ఉంటే తెలుస్తుంది. ముక్కలు ముక్కలుగా పంపే చంక్డ్ పద్ధతిలో ఆ హెడ్డరే ఉండదు, చదువుతూ లెక్కపెట్టుకోవడమే. పైగా మామూలుగా మెసేజ్ మొత్తం మెమరీలోకి వచ్చాకే మీ కోడ్ చేతికి అందుతుంది. పరిమితి లేకపోతే ఎవరో ఒకరు, కావాలనో పొరపాటునో, ఒక పెద్ద ఫైలు పంపి సర్వర్ మెమరీ మొత్తం తినేయొచ్చు. ఆ క్షణాన మిగతా దుకాణాల బిల్లులన్నీ ఆగిపోతాయి.

అందుకే డబ్ల్యూసీఎఫ్ 2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చినప్పుడే మ్యాక్స్‌రిసీవ్డ్‌మెసేజ్‌సైజ్‌ను (అందుకునే మెసేజ్ గరిష్ఠ సైజును) 65,536 బైట్లుగా, అంటే 64 కేబీగా పెట్టారు. ఈ రోజుల్లో అది చాలా చిన్నగా అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఒక ప్రశ్న లాంటిది: మీ సర్వీసుకు నిజంగా ఎంత పెద్ద మెసేజ్ రావాలి? దానికి జవాబు మీకు తెలిసి ఉండాలి. ఫ్రేమ్‌వర్క్‌కు తెలియదు.

"ఇన్‌కమింగ్ మెసేజ్ కోటా దాటింది" అని ఎర్రర్ వస్తోంది. సర్వర్‌లో అంకె పెంచినా పోవట్లేదు. ఏం చేయాలి?

ఈ పరిమితి మెసేజ్ అందుకునేవాళ్ల వైపు పని చేస్తుంది. ఆ ఒక్క మాట గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. క్లయింట్ పంపిన ఫోటో పెద్దదైతే ఆపేది సర్వర్. సర్వర్ పంపిన జాబితా పెద్దదైతే ఆపేది క్లయింట్.

మా దగ్గర రోజువారీ లాట్ల జాబితా తెచ్చే ఒక మెథడ్ ఉంది. నవంబరులో చక్కగా నడిచేది. ఫిబ్రవరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటాక ఫెయిల్ అయ్యేది, మర్నాడు పొద్దున మళ్లీ నడిచేది. కోడ్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు. యార్డుకు వచ్చే బస్తాలు పెరిగాయి, లాట్లు పెరిగాయి, మధ్యాహ్నానికి జాబితా 64 కేబీ దాటింది. అంతే. సర్వర్ కాన్ఫిగ్‌లో ఎంత పెంచినా లాభం లేకపోయింది, ఎందుకంటే ఆగింది దుకాణంలోని కంప్యూటర్‌లో. క్లయింట్ కాన్ఫిగ్‌లో బైండింగ్ (మెసేజ్ ఎలా పోవాలో, ఎంత వరకు ఉండాలో చెప్పే సెట్టింగ్‌లు) మారిస్తే ఎర్రర్ పోయింది.

ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. క్లయింట్ వైపు లాగ్‌లో 65536 అనే అంకెతో కోటా ఎర్రర్ కనిపిస్తే, ఆగింది జవాబు. 413 (రిక్వెస్ట్ మరీ పెద్దదని చెప్పే హెచ్‌టీటీపీ కోడ్) వస్తే, ఆగింది రిక్వెస్ట్. పాత వెర్షన్లలో ఇదే సందర్భానికి 400 బ్యాడ్ రిక్వెస్ట్ అని మాత్రమే వచ్చేది, కారణం కోసం సర్వర్ ట్రేస్ తెరవాల్సి వచ్చేది.

బైండింగ్‌లో 10 ఎంబీ అని స్పష్టంగా రాశాను. అయినా 65,536 దగ్గరే ఆగుతోంది. కాన్ఫిగ్ చదవట్లేదా?

చదువుతోంది, కానీ మీ ఎండ్‌పాయింట్‌కు (సర్వీస్‌కు మెసేజ్‌లు వచ్చే చిరునామాకు) దాన్ని తగిలించలేదు. నేను చూసినంతలో ఎక్కువ గంటలు వృథా అయ్యేది ఇక్కడే.

రెండు చోట్ల చూడండి. మొదటిది, ఎండ్‌పాయింట్ లైన్‌లో బైండింగ్‌కాన్ఫిగరేషన్ అనే యాట్రిబ్యూట్ ఉందా, అందులోని పేరు మీరు పైన రాసిన బైండింగ్ పేరుతో అక్షరం అక్షరం కలుస్తోందా. రెండోది, సర్వీస్ ట్యాగ్‌లోని పేరు మీ క్లాస్ పూర్తి పేరుతో, నేమ్‌స్పేస్‌తో సహా, సరిగ్గా కలుస్తోందా. ఇది కలవకపోతే డాట్‌నెట్ 4 నుంచి డబ్ల్యూసీఎఫ్ ఏ ఎర్రరూ ఇవ్వదు. మీ సర్వీస్‌కు కాన్ఫిగ్‌లో ఏమీ లేదనుకుని, తనే ఒక డిఫాల్ట్ ఎండ్‌పాయింట్ తయారు చేసుకుంటుంది. దానికి 64 కేబీయే ఉంటుంది. చిన్న మెసేజ్‌లన్నీ బ్రహ్మాండంగా పోతుంటాయి కాబట్టి, కాన్ఫిగ్ పక్కన పడి ఉందని ఎవరికీ అనుమానం రాదు.

మా టీమ్‌లో ఒకసారి క్లాస్‌ను వేరే నేమ్‌స్పేస్‌లోకి జరిపారు, కాన్ఫిగ్‌లో పేరు మార్చడం మరిచిపోయారు. మూడు వారాల తర్వాత మొదటి పెద్ద మెసేజ్ వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. బైండింగ్‌కు పేరు పెట్టకుండా రాస్తే, ఆ రకం బైండింగ్ వాడే ఎండ్‌పాయింట్లన్నిటికీ అదే వర్తిస్తుంది. చిన్న ప్రాజెక్టులకు అది మంచి దారి.

మ్యాక్స్‌బఫర్‌సైజ్ కూడా మార్చాలా?

బఫర్డ్ పద్ధతిలో (మెసేజ్ మొత్తం మెమరీలోకి తెచ్చుకునే పద్ధతి), ఆ అంకె కాన్ఫిగ్‌లో రాసి ఉంటే, అవును. రెండు అంకెలూ ఒకటే ఉండాలి, లేకపోతే సర్వీస్ మొదలవ్వదు. స్ట్రీమ్డ్ పద్ధతిలో (వస్తున్న కొద్దీ చదివే పద్ధతి) మ్యాక్స్‌బఫర్‌సైజ్ హెడ్డర్ల వరకే వర్తిస్తుంది. అక్కడ దాన్ని చిన్నగానే ఉంచండి.

రీడర్‌కోటాస్ అని ఇంకో గుంపు ఉంది కదా. వాటి సంగతేంటి?

అవి ఎక్స్ఎంఎల్ లోపలి సంగతులు: ఒక స్ట్రింగ్ ఎంత పొడవుండొచ్చు, ఒక అర్రేలో ఎన్ని ఉండొచ్చు, ట్యాగ్‌లో ట్యాగ్ ఎంత లోతు వరకు పోవచ్చు. పాత వెర్షన్లలో స్ట్రింగ్‌కు 8,192, అర్రేకు 16,384 ఉండేవి. మెసేజ్ సైజు పెంచినా లోపలి స్ట్రింగ్ దగ్గర ఆగిపోయేది. డాట్‌నెట్ 4.5లో వీటి డిఫాల్ట్‌లు బాగా పెంచారు, మ్యాక్స్‌రిసీవ్డ్‌మెసేజ్‌సైజ్‌ను మాత్రం కదిలించలేదు. మీ కాన్ఫిగ్ పాత ప్రాజెక్టు నుంచి కాపీ చేసిందైతే, ఆ చిన్న అంకెలు ఇంకా అందులో రాసి ఉంటాయి. ఒకసారి చూసుకోండి.

ఒకరి ఫోన్ నుంచి ఫోటో వెళ్తుంది, ఇంకొకరి ఫోన్ నుంచి వెళ్లదు. యాప్ ఒకటే. ఎలా సాధ్యం?

దీనికి కాస్త పొడుగ్గా చెప్పాలి. నేను సైజుల విషయంలో జాగ్రత్త నేర్చుకున్నది ఆ రోజే.

మార్చి నెల, యార్డులో మిర్చి జోరు మీద ఉంది. పొద్దున పదిన్నరకు ఒక గుమాస్తా ఫోన్ చేశాడు. "అన్నా, నా ఫోన్ల తక్‌పట్టీ ఫోటో ఎక్కుతలేదు. పక్క దుకాణం పిల్లగాని ఫోన్ల మంచిగనే ఎక్కుతున్నది. కొత్త ఫోన్ అన్నా, మొన్ననే కొన్న." మేము సిగ్నల్ అనుకున్నాం. యాప్ తీసేసి మళ్లీ వేయించాం. రెండు గంటలు పోయాయి. ఈలోగా కాంటా అయిపోయిన రైతు కాగితం కోసం ఆ దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ గుర్తొస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

చివరికి ఆ ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమన్నాం. మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గానే పంపాలి. 3.4 ఎంబీ ఉంది. పక్క దుకాణం అబ్బాయి పాత ఫోన్‌లో ఫోటో 1.8 ఎంబీ. కొత్త ఫోన్ కెమెరా మంచిది కావడమే గొడవకు మూలం.

లెక్క ఇది. మేము ఫోటోను బేస్64లోకి (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మార్చి సోప్ మెసేజ్‌లో (ఎక్స్ఎంఎల్‌లో రాసే మెసేజ్) పెట్టేవాళ్లం. బేస్64లో ప్రతి మూడు బైట్లు నాలుగు అవుతాయి. సరిగ్గా 3 ఎంబీ, అంటే 31,45,728 బైట్ల ఫోటో, 41,94,304 బైట్లు అవుతుంది. అది సరిగ్గా 4 ఎంబీ. మా సర్వీస్‌ను నడిపే ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీ‌రన్‌టైమ్ దగ్గర మ్యాక్స్‌రిక్వెస్ట్‌లెంగ్త్ డిఫాల్ట్ 4,096 కేబీ. అదీ 4 ఎంబీయే. దానికి సోప్ కవరు బరువు కూడా తోడైతే, 3 ఎంబీకి కొంచెం తక్కువున్న ఫోటో దాటుతుంది, 3 ఎంబీ ఫోటో దాటదు. మేము డబ్ల్యూసీఎఫ్‌లో 10 ఎంబీ పెట్టాం. బయట ఉన్న ఈ గేటు మా దృష్టికే రాలేదు.

అయితే ఒక మెసేజ్ దారిలో ఎన్ని గేట్లు ఉంటాయి?

మా పాత సెటప్‌నే, ఏమీ మార్చకముందు ఉండే డిఫాల్ట్ అంకెలతో తీసుకుందాం. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ (రిక్వెస్ట్ అందుకుని లోపలి సర్వర్‌కు పంపేది) ఉండేది. అక్కడ క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ డిఫాల్ట్ 1 ఎంబీ. తర్వాత మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లోని రిక్వెస్ట్ ఫిల్టరింగ్, 3,00,00,000 బైట్లు. తర్వాత ఏఎస్‌పీ డాట్‌నెట్, 4,096 కేబీ. ఆ తర్వాత డబ్ల్యూసీఎఫ్, 65,536 బైట్లు. అన్నిట్లో చిన్నదే మీ అసలు పరిమితి. ఒకటి పెంచగానే తర్వాతి చిన్నది బయటపడుతుంది. అందుకే "పెంచాను, ఎర్రర్ మారింది" అని ఎవరైనా వస్తే, పని ముందుకు నడిచిందనే నేను చెబుతాను.

యూనిట్లు జాగ్రత్త. ఏఎస్‌పీ డాట్‌నెట్ అంకె కేబీల్లో, ఐఐఎస్ అంకె బైట్లలో. రెండూ ఒకే వెబ్ డాట్ కాన్ఫిగ్ ఫైల్లో, పది లైన్ల దూరంలో ఉంటాయి. 10 ఎంబీ అనుకుని ఐఐఎస్ దగ్గర 10240 అని రాస్తే అది 10 కేబీ అవుతుంది. పది కేబీ దాటిన మామూలు బిల్లు కూడా లోపలికి రాదు. ఇంకో చిక్కు: ఐఐఎస్ దీనికి ఎక్కువగా ఇచ్చే కోడ్ 404.13. లాగ్‌లో చుక్క తర్వాతి అంకె చూడకపోతే, చిరునామా తప్పనుకుని యూఆర్ఎల్ వెతుక్కుంటూ కూర్చుంటారు.

413 కూడా రావట్లేదు. "కనెక్షన్ రీసెట్" అంటోంది. ఇది నెట్‌వర్క్ సమస్య కాదా?

కావచ్చు, కానీ ముందు సైజే అనుమానించండి. పరిమితి దాటిందని తెలియగానే సర్వర్ 413 పంపి కనెక్షన్ మూసేస్తుంది. అప్పటికి క్లయింట్ ఇంకా పంపుతూనే ఉంటుంది. చాలా క్లయింట్లు పంపడం పూర్తయ్యే దాకా జవాబు చదవవు. అందువల్ల వాటికి 413 కనిపించదు, తెగిపోయిన కనెక్షన్ కనిపిస్తుంది. సర్వర్ లాగ్‌లో అదే సమయానికి 413 ఉందేమో చూడండి.

తెలుగులో రాసిన మెసేజ్‌లు త్వరగా పరిమితి దాటుతున్నాయి. నిజమేనా, నా భ్రమా?

నిజమే. మన ప్రాంతంలో పని చేసేవాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగుకు ప్రతి యూనికోడ్ గుర్తుకూ మూడు బైట్లు. "వరంగల్" చూడండి: వ, ర, సున్నా, గ, ల, పొల్లు. ఆరు గుర్తులు, 18 బైట్లు. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడివిడి గుర్తులే. కంటికి ఒక్కటే అక్షరంగా కనిపించే "స్త్రీ"లో ఆరు గుర్తులున్నాయి, అదీ 18 బైట్లే.

జేసన్‌లో ఇంకో మెట్టు ఉంది. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ, పీహెచ్‌పీ జేసన్ ఎన్‌కోడ్, డాట్‌నెట్‌లోని సిస్టమ్ డాట్ టెక్స్ట్ డాట్ జేసన్ ఇవన్నీ, మీరు వేరేగా చెప్పకపోతే, తెలుగు గుర్తును నేరుగా రాయవు. వెనక్కి వాలిన గీత, యు అక్షరం, దాని తర్వాత నాలుగంకెల కోడ్ రాస్తాయి. ఒక్కో గుర్తుకు ఆరు బైట్లు. "వరంగల్" 36 బైట్లయింది. 12,000 గుర్తులున్న తెలుగు వివరణ యూటీఎఫ్-8లో 36,000 బైట్లు, ఈ పద్ధతిలో 72,000 బైట్లు. మొదటిది 64 కేబీలో ఇముడుతుంది, రెండోది ఇమడదు. కాబట్టి పరిమితి పెంచే ముందు ఈ ఎస్కేపింగ్ ఆపగలరేమో చూడండి. పైథాన్‌లో ఎన్‌ష్యూర్_ఆస్కీని ఫాల్స్ చేస్తే చాలు. పీహెచ్‌పీలో జేసన్_అన్ఎస్కేప్డ్_యూనికోడ్ ఉంది. డాట్‌నెట్‌లో ఎన్‌కోడర్‌కు తెలుగు బ్లాకును అనుమతించాలి.

టెస్టింగ్ కూడా తెలుగు డేటాతోనే చేయండి. ఇంగ్లిష్ డమ్మీ పేర్లతో నడిచిన సర్వీస్, రైతుల పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులో రాగానే ఆగిపోవడం నేను చూశాను.

ఇంత గొడవ ఎందుకు, అన్నిచోట్లా 2147483647 పెట్టేస్తే?

ఈ సలహా ఇంటర్నెట్ నిండా ఉంది. దయచేసి పాటించకండి. అది ప్లస్, మైనస్ రెండూ రాయగల 32 బిట్ల అంకెలో ఇమిడే గరిష్ఠం, దాదాపు 2 జీబీ. మీ సర్వీస్‌కు ఎంత కావాలో ఆ అంకె ఏమీ చెప్పదు.

మెమరీ లెక్క వేసి చూడండి. 3 ఎంబీ ఫోటో బేస్64లో 4 ఎంబీ బఫర్ అవుతుంది. మీ కాంట్రాక్టులో దాన్ని స్ట్రింగ్‌గా తీసుకుంటే, డాట్‌నెట్ స్ట్రింగ్‌లో ఒక్కో అక్షరానికి రెండు బైట్లు కాబట్టి ఇంకో 8 ఎంబీ. దాన్ని తిరిగి బైట్లుగా మార్చితే 3 ఎంబీ. ఒక్క ఫోటోకు 15 ఎంబీ. జెండా పాట (ధర తేల్చే వేలం) అయ్యాక కాంటాలు మొదలైతే దుకాణాలన్నీ దాదాపు ఒకేసారి ఫోటోలు పంపుతాయి. ఒకేసారి 200 వస్తే 3 జీబీ. ఇది అన్నీ మంచి ఫోటోలైనప్పటి మాట. పైగా 85,000 బైట్లు దాటిన ఆబ్జెక్టులను డాట్‌నెట్ వేరే హీప్‌లో (మెమరీలో విడి భాగంలో) పెడుతుంది. అక్కడ మెమరీ అంత త్వరగా ఖాళీ అవ్వదు.

మరి ఎంత పెట్టాలి?

కొలిచి పెట్టాలి. వారం రోజులు, అదీ సీజన్‌లో, వచ్చే మెసేజ్‌ల సైజు లాగ్ చేయండి. అన్నిట్లో పెద్దది చూడండి. అది నిజంగా అవసరమైందేనా అని ఆలోచించండి. దాని మీద కొంత వెసులుబాటు ఇవ్వండి. మేము ఒకటిన్నర రెట్లు ఇస్తాం. అది మా అలవాటు, శాస్త్రం కాదు. లోపలి గేటు కన్నా బయటి గేట్లు కాస్త పెద్దవిగా ఉంచితే, మెసేజ్‌ను ఆపేది మీ సర్వీసే అవుతుంది, ఎర్రర్ కూడా మీ లాగ్‌లోనే ఉంటుంది. ఫోటోలు తీసుకునే సర్వీసును వేరే ఎండ్‌పాయింట్‌గా విడదీసి దానికొక్కదానికే పెద్ద పరిమితి ఇవ్వండి. లాగిన్ మెథడ్‌కు అంత పెద్ద పరిమితి ఎందుకు?

సైజు పెంచాక ఇప్పుడు టైమ్‌అవుట్ వస్తోంది.

అది సహజం. 4 ఎంబీ అంటే 3.35 కోట్ల బిట్లు. సెకనుకు 512 కిలోబిట్ల అప్‌లోడ్ ఉంటే 65 సెకన్లు పడుతుంది. డబ్ల్యూసీఎఫ్ సెండ్‌టైమ్‌అవుట్ డిఫాల్ట్ ఒక నిమిషం. యార్డులో వేల మంది ఉన్న రోజు మొబైల్ నెట్ నెమ్మదిగానే ఉంటుంది. టైమ్‌అవుట్ పెంచొచ్చు, కానీ మేము మెసేజ్‌నే తగ్గించాం. తక్‌పట్టీ మీది అంకెలు చదవడానికి 12 మెగాపిక్సెళ్లు అక్కర్లేదు. ఫోన్‌లోనే పొడవు 1,600 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ నాణ్యత కొంచెం తగ్గించి పంపుతున్నాం. ఇప్పుడు ఎక్కువ ఫోటోలు 400 కేబీ లోపే ఉంటున్నాయి. తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) చార్జీలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

కుదించడానికి వీల్లేని పెద్ద ఫైళ్లయితే?

డబ్ల్యూసీఎఫ్‌లో ఎంటామ్ ఎన్‌కోడింగ్ వాడితే ఫైలు బైట్లు బేస్64 కాకుండా ఉన్నది ఉన్నట్టు పోతాయి, మూడో వంతు బరువు పెరగదు. ఇంకా పెద్దవైతే స్ట్రీమ్డ్ పద్ధతి. అందులో మెసేజ్ బాడీ ఒక్క స్ట్రీమ్‌గానే ఉండాలి, రిలయబుల్ మెసేజింగ్ వంటివి పని చేయవు. స్ట్రీమ్డ్‌లో కూడా మ్యాక్స్‌రిసీవ్డ్‌మెసేజ్‌సైజ్ వర్తిస్తుందని మరవకండి. జాబితాలకైతే పేజీలుగా విడగొట్టడమే మేలు. మా లాట్ల జాబితాను తర్వాత వందేసి చొప్పున మార్చాం.

మేము డబ్ల్యూసీఎఫ్ వాడం. మా ఫ్రేమ్‌వర్క్‌లో?

సూత్రం అదే, అంకెలే వేరు. కొత్త ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో కెస్ట్రెల్‌కు 3,00,00,000 బైట్లు. ఎక్స్‌ప్రెస్‌లో జేసన్ బాడీకి 100 కేబీ మాత్రమే, చాలామంది మొదట తట్టుకునేది దీనికే. స్ప్రింగ్ బూట్‌లో అప్‌లోడ్ ఫైలుకు 1 ఎంబీ, మొత్తం రిక్వెస్ట్‌కు 10 ఎంబీ. జాంగోలో ఫైళ్లను వదిలేసి మిగతా బాడీకి 2.5 ఎంబీ. జీఆర్‌పీసీలో అందుకునే మెసేజ్‌కు 4 ఎంబీ, దాటితే రిసోర్స్ ఎగ్జాస్టెడ్ అంటుంది. పీహెచ్‌పీలో ఫైలుకు 2 ఎంబీ, పోస్ట్ మొత్తానికి 8 ఎంబీ. పోస్ట్ పరిమితి దాటితే మీ కోడ్‌కు ఫారం ఖాళీగా వస్తుంది, కోడ్‌లో ఎర్రర్ ఏదీ పట్టుబడదు కాబట్టి అక్కడ ప్రత్యేకంగా చూసుకోవాలి.

మార్చాక సరిగ్గా పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి?

రెండు ఫైళ్లు తయారు చేయండి: ఒకటి పరిమితికి కాస్త లోపల, ఇంకొకటి కాస్త పైన. బేస్64 వాడుతుంటే ఆ పెరుగుదల కలిపి లెక్కించండి. మొదటిది వెళ్లాలి. రెండోది ఆగాలి, ఆగినప్పుడు ఫోన్‌లో "ఫోటో చాలా పెద్దది, మళ్లీ తీయండి" అని తెలుగులో కనిపించాలి. "ఏదో తప్పు జరిగింది" అని చూపిస్తే గుమాస్తాకు ఏం చేయాలో తెలియదు. లోకల్ మెషీన్‌లో కాకుండా అసలు దారిలో, ప్రాక్సీ గుండా పరీక్షించండి, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ ఉండదు. మేమైతే కొత్త వెర్షన్ ఇచ్చిన రోజు ఒకరిని ఏనుమాములకు పంపుతాం. పదకొండు గంటలకు, యార్డు నిండుగా ఉన్నప్పుడు, దుకాణం మెట్ల మీద నిలబడి, కొత్త ఫోన్‌తో ఒకటి, పాత ఫోన్‌తో ఒకటి తక్‌పట్టీ ఫోటో తీసి పంపి, రెండూ ఎక్కాకే తిరిగి వస్తారు.